హియామ్ తర్వాతి పేరు

కైరోకి ఉత్తరాన తంతా పట్నంలో ఆ ఫిబ్రవరి ఉదయం వాన పట్టుకుని వదల్లేదు. ఎవరికి ఏ వార్డు పడిందో చెబుతాం రమ్మని కాలేజీ కబురు పెడితే, ఆరేళ్ళ చదువు ముగించి ఇంటర్న్‌షిప్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలంతా తెల్లకోట్లు బురద అంటకుండా మడిచి చంకలో పెట్టుకుని వచ్చారు. సఫ్సాఫ్ మెడికల్ కాలేజీ పాత లెక్చర్ హాల్లో అందరూ సర్దుకుని కూర్చున్నాక వెనక తలుపులు మూసిన చప్పుడైంది. ఆ వెంటనే గడియ పడింది.

వేదిక ఎక్కినాయన వార్డులు పంచే గుమాస్తా కాదు. విషాల గురించి పాఠం చెప్పే ప్రొఫెసర్ సర్హాన్. ఆయన వెనకే ఇద్దరు ల్యాబు మనుషులు అట్టపెట్టెలు మోసుకొచ్చి బల్ల మీద దింపారు. ఒక పెట్టె మూత ఊడి ప్లాస్టిక్ కప్పులు కనిపించేసరికి హాల్లో గుసగుసలు ఆగిపోయాయి.

"డాక్టర్లూ, డాక్టరమ్మలూ," అన్నాడు సర్హాన్. "మార్చి నుంచి మీ చేతుల్లో మనుషులుంటారు. మీ ఒంట్లో మత్తుమందు లేదని తేలితేనే వార్డులోకి అడుగు. ఇవాళ మూత్రపరీక్ష. ముందుగా ఎందుకు చెప్పలేదంటారా? ముందుగా చెప్పి చేస్తే అది పరీక్ష కాదు, పెళ్ళి ఫోటో."

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పట్టుబడితే పేరు కొట్టేస్తారు. ఈ కాలేజీలోనే కాదు, మళ్ళీ ఎక్కడా చేర్చుకోరు. కప్పు ఇవ్వకుండా బయటికి పోయినా అంతే. మధ్యాహ్నం మూడు దాటాక అసర్ నమాజుకి అజాన్ వినిపించేసరికి ల్యాబు కారు వెళ్ళిపోతుంది. అప్పటికి ఇవ్వనివాళ్ళు ఇవ్వనన్నట్టే లెక్క. ఇంకొక్క మాట, ఇది చెవులు రిక్కించి వినండి. తన పేరు పిలవకముందే నా దగ్గరికొచ్చి, నాకీ అలవాటుంది అని తన నోటితో చెప్పుకున్నవాళ్ళని కాలేజీ వదులుకోదు. ఏడాది ఆగాలి. వైద్యం చేయించుకోవాలి. మళ్ళీ రావాలి. సంగతి బయటికి పొక్కదు. పేరు పిలిచాక చెబితే మాత్రం వినను. బుద్ధి తెచ్చుకుని చెప్పేవాడికీ భయపడి చెప్పేవాడికీ మధ్య ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదా. పేరు దగ్గర గీశాను."

అరబ్బీ అక్షరాల వరసలో పిలవడం మొదలైంది. మగపిల్లలకి ఎడమవైపు మరుగుదొడ్డి, ఆడపిల్లలకి కుడివైపు. ఇచ్చినవాళ్ళు పక్క తలుపులోంచి బయటికి పోవచ్చు.

హియామ్, విగ్దాన్ చివరి బెంచీలో పక్కపక్కనే కూర్చున్నారు. ఆరేళ్ళుగా వాళ్ళ చోటు అదే. అరబ్బీలో హ, వ, య చివరి అక్షరాలు కాబట్టి హాజరు పట్టీలో ‘హ’ల చిట్టచివర హియామ్, ఆ వెనకే విగ్దాన్. ఎందుకో ఆ ఏడు ‘య’తో మొదలయ్యే ఆడపిల్ల ఒక్కతీ చేరలేదు. అందుకని పరీక్షలకీ, శవాల బల్ల దగ్గరకీ, వార్డుల్లో రోగుల దగ్గరకీ ఎప్పుడూ ఆ ఇద్దరే చివర, ఎప్పుడూ జంటగానే. మొదటి ఏడు శవాన్ని చూసి కళ్ళు తిరిగి పడిపోయి, చదువు మానేసి ఊరెళ్ళిపోతానని ఏడ్చిన హియామ్‌ని చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది విగ్దానే. ఫెతీర్ రొట్టెల కొట్టు నడిపే విగ్దాన్ తల్లి రస్మియా ఈ ఆరేళ్ళూ హాస్టల్ పిల్ల హియామ్‌కి కూడా నెయ్యి కారే రొట్టె పెట్టకుండా పంపిన శుక్రవారం లేదు.

మగపిల్లల వైపు నుంచి బహీ అనే లావుపాటి కుర్రాడు ఖాళీ కప్పుతో తిరిగొచ్చాడు. "రావట్లేదు సార్," అన్నాడు ముఖం కందగడ్డ చేసుకుని. వెనకవాణ్ణి పంపుదామని ల్యాబు మనిషి అంటే సర్హాన్ చెయ్యెత్తాడు.

"వరస తప్పకూడదు. కప్పుల మూతల మీద సీళ్ళు వరస నంబర్లలో ఉన్నాయి. ఒకసారి ముందూ వెనకా అయితే ఎవరిది ఎవరిదో రేపు నేను కోర్టులో చెప్పలేను. నీళ్ళు తాగించండి. అందరూ ఆగుతారు."

అందరూ ఆగారు. బహీ సీసాడు నీళ్ళు తాగాడు. వెనకనుంచి వాడి స్నేహితులు "నైలు ఎప్పుడు పొంగుతుందిరా?" అని ఎగతాళి చేశారు. చివరికి పొంగింది. హాలంతా చప్పట్లు కొట్టింది.

విగ్దాన్ చప్పట్లు కొట్టలేదు.

"ఒసేయ్, నీకు వస్తోందా?" అంది, పెదాలు కదిలీ కదలకుండా.

"వస్తోందా ఏంటే, ఆపుకుంటున్నా. పొద్దున్న చలికి మూడు గ్లాసుల టీ తాగా. ఏం, నీకు రావట్లేదా?"

విగ్దాన్ జేబులోంచి చెయ్యి తీసి హియామ్ చేతిలో ఏదో పెట్టి గుప్పిట మూసింది. రక్తం తీసే గొట్టం. రబ్బరు మూతతో సహా కొత్తది.

"కప్పులో పోశాక మిగిలింది ఇందులో పట్టు. స్వెట్టరు చేతిలో దోపుకుని వచ్చెయ్. బయటికి రాగానే నా చేతిలో పెట్టు. నీ వెనకే నేను. వేడి చూస్తారు, చల్లారకుండా వెళ్ళిపోతా."

హియామ్‌కి ఒక్క క్షణం ఏమీ ఎక్కలేదు. ఎక్కాక గొట్టం ఎవరికీ కనబడకుండా ఒళ్ళోకి దించింది.

"ఏమిటే ఇది? ఏం వాడుతున్నావు?"

"మెల్లగా మాట్లాడు. ట్రమడాల్."

"ఎప్పట్నుంచి?"

"బస్సు పడినప్పట్నుంచి."

నిరుడు కఫ్ర్ అల్-జయ్యాత్ రోడ్డు మీద మైక్రోబస్సు కాలవలోకి ఒరిగినప్పుడు విగ్దాన్ నడుముకి దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలతో నొప్పి తగ్గింది. నొప్పితో పాటు నిద్రమత్తూ దిగులూ కూడా తగ్గాయి. ఫైనల్ పరీక్షలప్పుడు రాత్రులు కూర్చోవడానికి ఒకటి, పొద్దున్న లేవడానికి ఒకటి. ఆసుపత్రి ఇవ్వడం మానేశాక స్టేషను వెనక సందులో దొరికాయి. ఇదంతా విగ్దాన్ బెంచీ మీద గీతలు చూస్తూ, రోగి వివరాలు ప్రొఫెసర్‌కి ఒప్పజెప్పినట్టు గొంతులో ఏమీ లేకుండా చెప్పింది.

హియామ్ వింటూ తనని తాను తిట్టుకుంది. చలికాలంలో చెమటలు, ఊరికే ముక్కు గోక్కోవడం, సూదిమొనంత కంటిపాపలు. ఏ రోగికి ఈ లక్షణాలున్నా ప్రొఫెసర్ అడిగే లోపే చెప్పేసేది తను. రోజూ పక్కన కూర్చున్న మనిషి దగ్గర కనబడలేదు. లేక చూడలేదు.

"వెళ్ళి సర్హాన్‌కి చెప్పెయ్యవే. ఏడాదే కదా అన్నాడు..."

"ఏడాదే కదా? నువ్వంటావు. అమ్మ కొట్టు బోర్డు మార్పించింది తెలుసా, మొన్న పరీక్షల ఫలితాలు రాగానే? డాక్టర్ విగ్దాన్ తల్లి ఫెతీర్ అని రాయించింది. పెద్ద పెద్ద అక్షరాలు, చుట్టూ రంగు లైట్లు. ఇప్పుడెళ్ళి ఏమని చెప్పను? బోర్డు ఏడాది పాటు దించెయ్యమ్మా, నీ కూతురు మాత్రలకి అలవాటు పడిందనా?" ఆమె హియామ్ మణికట్టు పట్టుకుంది. చేతివేళ్ళు తడిగా ఉన్నాయి. "ఇవాళొక్కటి గట్టెక్కించు. రేపటి నుంచి మానేస్తా. అమ్మ మీద ఒట్టు. నేను నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగానా?"

అడగలేదు. అదే హియామ్‌కి ఊపిరి సలపనివ్వలేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. గొట్టాన్ని స్వెట్టరు చేతిలోకి తోసేసుకుంది.

పేర్లు సాగుతున్నాయి. హాలు పల్చబడింది. మగపిల్లలు అయిపోయారు. ఆడపిల్లల్లో ‘న’లు, ‘హ’లు.

"హియామ్ అబ్దుల్-తవ్వాబ్!"

మరుగుదొడ్డి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నది హెడ్ నర్సు ఇన్షిరాహ్. మక్కా వెళ్ళొచ్చినప్పటి నుంచి అందరూ ఆమెని హాగ్గా అనే పిలుస్తారు. కోటు తీయించింది, జేబులు తడిమింది, కప్పు చేతికిచ్చింది. "తలుపు గడియ పెట్టకు. కొళాయిలకి టేపు వేశాం, ముట్టుకోకు. తొట్టిలో నీలం రంగు కలిపాం, ఆ నీళ్ళు పోసి తెలివితేటలు చూపించకు. ఇదిగో, ఈ గీత దాకా నింపు చాలు, నా తల్లీ, పొంగించకు."

లోపల మంచులా ఉంది. పైన పగిలిన అద్దంలోంచి వానచుక్కలు ఒక్కొక్కటే నేల మీద పడుతున్నాయి. హియామ్ పొత్తికడుపు రాయిలా బిగిసి ఉంది. కూర్చుంటే చాలు, కప్పూ నిండుతుంది, గొట్టమూ నిండుతుంది. ఆమె గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. రబ్బరు మూత ఊడదీసింది.

అప్పుడు నెల కిందట పిల్లల వార్డులో శిక్షణలో ఉండగా జరిగింది గుర్తొచ్చింది. మూణ్ణెల్ల పాప. మూర్ఛ తగ్గడానికి ఇంజెక్షన్. మందు ఎక్కించిన సిరంజి పట్టుకుని విగ్దాన్ పాప తొడ మీదకి వంగింది. సిరంజిలో ఉన్నది పెద్దవాళ్ళకిచ్చే మోతాదు. హియామ్ ఊరికే అటు చూసింది కాబట్టి సరిపోయింది. చటుక్కున మణికట్టు పట్టుకుంది. విగ్దాన్ తెల్లబోయి చూసి, "నిద్రలేదే" అంది. ఇద్దరూ ఆ మందు సింకులో ఒంపేసి, బయటికొచ్చి చెరకురసం తాగి, నవ్వేసుకున్నారు. పాప తల్లి వాళ్ళిద్దరికీ దండాలు పెట్టింది కూడా, మందు జాగ్రత్తగా చూసి ఇచ్చినందుకు.

తను అటు చూడకపోయి ఉంటే? మార్చి నుంచి ఇద్దరూ వేరే వేరే వార్డుల్లో ఉంటారు. అటు చూసేవాళ్ళెవరు?

ఈ గొట్టంలో తను పోసేది ఆ పాప ఒంట్లోకి పోసినట్టే అనిపించింది. మూత పెట్టేసింది. కప్పు వైపు చూసింది. కప్పు నింపి బయటికి పోతే మరుక్షణం పిలిచేది విగ్దాన్ పేరే. పిలిచారంటే గీత దాటినట్టే.

కప్పు నింపకపోతే?

హియామ్ కాళ్ళు దగ్గరికి బిగించి నిలబడింది. బయటికొచ్చి ఖాళీ కప్పు చూపించింది.

"రాలేదు హాగ్గా."

"రాలేదా!" ఇన్షిరాహ్ కళ్ళు పెద్దవి చేసింది. "లెక్చర్ హాల్లో మీ నోళ్ళలోంచి కబుర్లు మాత్రం కాలవలా వస్తాయే! ఇంక ఇద్దరే మిగిలారు, అన్నం వేళకి ఇంటికి పోదామనుకున్నా. ఇదిగో ఈ సీసా తాగు. ఎదురుగా కూర్చో, నాకు కనిపించేట్టు."

"ఆ రెండో పిల్లని పంపమంటారా డాక్టర్ గారూ?" అని ఆమె కేకేసింది.

"వరస," అన్నాడు సర్హాన్ తల ఎత్తకుండా.

హియామ్ బెంచీ దగ్గరికొచ్చింది. విగ్దాన్ చెయ్యి చాచింది. ఆ చేతిలో పెట్టిన గొట్టం పొడిగా ఉంది.

"ఏమైందే?"

"ఇవ్వను."

"అంటే?"

"నాది నీకివ్వను. కానీ నేను పొయ్యకుండా నీ పేరు పిలవడు. విన్నావుగా, వరస తప్పడట. నేను ఆపుకుంటాను. ఎంతసేపైనా ఆపుకుంటా. ఆ లోపు నువ్వెళ్ళి చెప్పు."

విగ్దాన్ ఆమె వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత ఆ చూపు మారింది.

"ఓహో. పెద్ద త్యాగం చేస్తున్నావన్నమాట. మా అమ్మ రొట్టె తిన్నన్నాళ్ళు నోరెత్తలేదు, ఇవాళ నాకు నీతులు చెబుతున్నావు. శవాన్ని చూసి లాగులో పోసుకున్న మనిషివి!"

"అవును, పోసుకున్నా. నువ్వే కడిగించావు. వెళ్ళి చెప్పు."

"చెప్పను. చూద్దాం ఎంతసేపు ఆపుకుంటావో."

హియామ్ సీసా ఎత్తింది. ఇన్షిరాహ్ చూస్తోంది. తాగక తప్పదు. ఒక్కో గుక్కా లోపలికి పోతుంటే తన మీద తనే బరువు వేసుకుంటున్నట్టుంది. సీసా అయ్యేసరికి ఇన్షిరాహ్ ఇంకోటి తెచ్చింది.

మధ్యాహ్నపు జుహర్ అజాన్ అయింది. సర్హాన్ మూలకి వెళ్ళి నమాజు చేసుకుని వచ్చాడు. ల్యాబు మనుషులు నింపిన కప్పులన్నీ పెట్టెల్లో సర్దేశారు. ఇన్షిరాహ్ కాగితం విప్పి పప్పు నింపిన రొట్టె తీసింది. ముల్లంగి ఊరగాయ వాసన హాలంతా పాకింది. హియామ్‌కి ముక్క తుంచి ఇవ్వబోయింది. హియామ్ తల అడ్డంగా ఊపింది. నోరు తెరిస్తే చాలు ప్రాణం పోయేట్టుంది. వాన చూరులోంచి ధారగా కారుతోంది. ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. ఒకసారి దగ్గు వచ్చింది. ఆ దగ్గుని మింగడానికి బల్ల అంచు పట్టుకుని, మనసులో మూత్రకోశం బొమ్మ గీసుకుని, దాని కండరాలకి పేరుపేరునా దండం పెట్టుకుంది.

విగ్దాన్ మొదట అటు తిరిగి కూర్చుంది. తర్వాత ఇటు తిరిగింది. ఆమెకీ ఆవలింతలు మొదలయ్యాయి. పొద్దున్న వేసుకున్న మాత్ర దిగిపోతోంది. ముక్కు కారుతోంది.

"పోసెయ్యవే," అంది చివరికి, గొంతు తగ్గించి. "నీకేమైనా అవుతుంది. చూడు, పెదాలు తెల్లబడ్డాయి."

"చెప్పు."

"అసర్ అయితే నీ పేరు కూడా కొట్టేస్తారే మూర్ఖురాలా! మీ నాన్న ఊళ్ళో బడిపిల్లలందరికీ బెల్లం పంచాడన్నావు. నా కోసం ఆయన నెత్తిన మట్టి పోస్తావా?"

"వద్దనుకుంటే వెళ్ళి సర్హాన్‌కి చెప్పు."

"చెప్పలేనే!" విగ్దాన్ ముక్కు తుడుచుకుంది. "మానలేను. అది తెలుసా నీకు? రేపటి నుంచి మానేస్తానన్నానే, అబద్ధం. మూడుసార్లు ప్రయత్నించా. మూడో రోజు నేల మీద పడి దొర్లా. చికిత్సకి వెళ్ళి, అక్కడా మానలేకపోతే? అప్పుడు దాక్కోవడానికి కూడా ఏమీ మిగలదు."

నువ్వు మానగలవు అని చెబితే అది అబద్ధమో నిజమో హియామ్‌కే తెలియదు. అందుకని బెంచీ కింద విగ్దాన్ చెయ్యి వెతికి పట్టుకుంది. నొప్పి అల వచ్చినప్పుడల్లా ఆ చేతిని నలిపేసింది. విగ్దాన్ లాక్కోలేదు.

బయట మబ్బు ఇంకా కమ్ముకుంది. ల్యాబు కారు డ్రైవరు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఇంకెంతసేపు, డాక్టర్ గారూ? రోడ్డంతా నీళ్ళు, చీకటి పడకముందే వెళ్ళాలి," అన్నాడు.

సర్హాన్ గడియారం చూసుకున్నాడు. హియామ్ వైపు చూశాడు. ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి వైపు కూడా చూశాడు. ఆ చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది.

"ఇక లాభం లేదు," అన్నాడు లేచి నిలబడుతూ. "వరస తప్పిస్తున్నానని రాసి సంతకం పెడతాను. రెండో అమ్మాయిది తీసుకుందాం. ఈ అమ్మాయికి అజాన్ దాకా సమయం ఉంది."

ఆయన కళ్ళజోడు సవరించుకుని కాగితం ఎత్తాడు. హియామ్ లేవబోయింది. నడుములో కత్తి దిగినట్టయి మళ్ళీ కూలబడింది. "డాక్టర్ గారూ, ఒక్క నిమిషం, నాకే..." అంది. మాట సగంలో ఆగిపోయింది. నాకే వస్తోందంటే తను వెళ్ళాలి. రావట్లేదంటే విగ్దాన్ వెళ్ళాలి. ఎటు చెప్పినా అయిపోయినట్టే.

సర్హాన్ గొంతు సవరించుకున్నాడు.

"డాక్టర్ గారూ!"

విగ్దాన్ లేచి నిలబడింది. బెంచీల మధ్యనుంచి ముందుకి నడిచింది. నడుస్తూ ఒకచోట ఆగింది, వెనక్కి తిరుగుతుందేమో అనిపించింది. మళ్ళీ నడిచింది. బల్ల ముందు నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తెల్లకోటు గుండీలు పట్టుకుంది.

"నాకు ట్రమడాల్ అలవాటుంది. ఏడాది నుంచి. ఇవాళ పొద్దున్న కూడా వేసుకున్నా. మానాలని ఉంది. మానలేకపోతున్నా."

ల్యాబు మనిషి తల దించుకున్నాడు.

"నేను పేరు పిలుస్తున్నాను కదమ్మా," అన్నాడు సర్హాన్ మెల్లగా. "పిలవడానికి కాగితం ఎత్తాను. నోరు తెరిచాను. ఇప్పుడు దీన్ని ముందు అనాలా, తర్వాత అనాలా?"

విగ్దాన్ ముఖంలో రక్తం లేదు.

"పేరేం పిలిచారు?" అంది ఇన్షిరాహ్ స్టూలు మీదనుంచి, ఊరగాయ వేళ్ళు తుడుచుకుంటూ. "నాకు చెవుడు రాలేదింకా. మీరు దగ్గారు. దగ్గితే పేరు పిలిచినట్టా? అట్లయితే ఈ చలికాలం మీరు ఊరందర్నీ పిలిచేసి ఉంటారు."

సర్హాన్ ఆమె వంక చూశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అవును. దగ్గాను." ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి విగ్దాన్ పక్కన నిలబడ్డాడు. "నా గదికి పోదాం రండి, డాక్టరమ్మా. అక్కడ వెచ్చగా ఉంటుంది."

ఆ మాట విన్నాక విగ్దాన్ ఏడ్చింది. వెళ్ళేటప్పుడు హియామ్ వైపు చూడలేదు.

తలుపు మూసుకుందో లేదో హియామ్ బల్లలు పట్టుకుంటూ మరుగుదొడ్డికి పరిగెత్తింది. కప్పు పట్టుకుని కూర్చుంది.

రాలేదు.

ఇంతసేపు బిగించిన ఒళ్ళు ఇప్పుడు వదలమంటే వదల్లేదు. నొప్పితో కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కింద మాత్రం చుక్క లేదు. దూరంగా సయ్యిద్ బదవీ మసీదు మీదనుంచి మైకు గరగరమంది. అసర్ అజాన్ మొదలైంది. ఆ వెంటనే దగ్గర మసీదుది.

"డాక్టరమ్మా! ఏమైంది?" ఇన్షిరాహ్ తలుపు తట్టింది. "పెట్టెకి తాళం వేస్తున్నారు!"

"రావట్లేదు హాగ్గా! ఇప్పుడు నిజంగా రావట్లేదు!"

అప్పుడు ఇన్షిరాహ్‌కి అంతా అర్థమైందో, కొంతే అర్థమైందో. ఆమె తలుపుకి నోరు ఆనించి, చంటిపిల్లని కాళ్ళ మీద కూర్చోబెట్టుకున్న తల్లి చేసే చప్పుడు మొదలుపెట్టింది.

"ష్‌ష్‌ష్... ష్‌ష్‌ష్... పొయ్యి నా బంగారూ, పొయ్యి నా తల్లీ... ష్‌ష్‌ష్... ఒరేయ్, ఆ పెట్టె ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా, అజాన్ ఇంకా అవలేదు... ష్‌ష్‌ష్..."

హియామ్‌కి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వచ్చేసరికి ఒంట్లో ఎక్కడో ముడి విడిపోయింది. కప్పు నిండింది. గీత దాటింది. పొంగి చేతుల మీదుగా కారింది. ఆపడం ఆమె వల్ల కాలేదు.

అజాన్ చివరి మాట ఇంకా గాల్లో ఉండగానే ఇన్షిరాహ్ కప్పుకి మూత బిగించి సీలు వేసింది.

ఫలితం బాగానే వచ్చింది. మూత్రకోశానికి మాత్రం వాపు వచ్చి హియామ్ పది రోజులు మందులు మింగింది. మార్చిలో ఆమెకి కాన్పుల వార్డు పడింది. విగ్దాన్‌ని కైరో అవతల ఒక చికిత్సా కేంద్రానికి పంపారని సర్హాన్ ఒక్క మాటలో చెప్పాడు. అంతకుమించి అడగనివ్వలేదు.

ఒక శుక్రవారం హియామ్ ధైర్యం చేసి ఫెతీర్ కొట్టుకి వెళ్ళింది. బోర్డు అలాగే ఉంది, లైట్లతో సహా. రస్మియా పిండిముద్దని గాల్లో తిప్పి బండ మీద ఠపీమని కొడుతోంది.

"నీకు ముందే తెలుసా?" అంది, తల ఎత్తకుండా.

"తెలియలేదు పిన్నీ. తెలియాల్సింది."

"నేను దాని తల్లిని. ఒకే మంచం మీద పడుకుంటాం. నాకు తెలియలేదు." ఆమె పిండిని మళ్ళీ కొట్టింది. "రెండో వారం అక్కణ్ణుంచి పారిపోయింది. మాత్రల కోసం. నాలుగు రోజులు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఐదో రోజు తనే తిరిగెళ్ళి తలుపు కొట్టిందట. ఎవరూ పట్టుకెళ్ళలేదు, తనే వెళ్ళింది." రొట్టెని పొయ్యిలోకి తోసి, "బోర్డు దించమని వాళ్ళ మామ అన్నాడు. దించను," అంది.

రొట్టె కాలింది. దాన్ని కాగితంలో చుట్టి హియామ్ చేతిలో పెట్టింది. కూర్చోమని అనలేదు. మళ్ళీ రమ్మనీ అనలేదు.

రంజాన్ వెళ్ళిన తర్వాత ఒక మధ్యాహ్నం కాన్పుల వార్డులో హియామ్ చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. తెలియని నంబరు.

"నేనే," అంది అవతలి గొంతు.

హియామ్ గోడకి ఆనుకుంది. "ఎలా ఉన్నావే?"

"ఎలా ఉన్నానని అడగకు. తిట్టడానికి చేశా. ఇక్కడ వారానికోసారి ఫోను ఇస్తారు. నువ్వంటే కోపం చల్లారిందనుకుంటున్నావేమో, చల్లార్లేదు. నా జీవితంలో నన్నంత ఇరుకున పెట్టినవాళ్ళు లేరు. ఏం, నీకెవరిచ్చారే ఆ హక్కు? అడిగింది ఒక్కటి, అదీ ఇవ్వలేదు. పైగా చచ్చిపోతానేమో అన్నట్టు ఎదురుగా కూర్చుని నన్ను బెదిరించావు. దొంగముఖం. పిసినారిదానా."

ఆగకుండా తిడుతోంది. తిట్టులో పాత విగ్దాన్ ఉంది. అర్ధరాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ప్రొఫెసర్లందర్నీ ఏకిపారేసే విగ్దాన్. హియామ్ తడిచేతులు కోటుకి తుడుచుకుంటూ వింది. ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. వార్డులోంచి నర్సు కేకేసింది, మూడో మంచం అమ్మాయికి నొప్పులు దగ్గర పడ్డాయని.

"పిలుస్తున్నారే, వెళ్ళాలి."

"వెళ్ళు, వెళ్ళు. డాక్టరమ్మవి కదా." గొంతు మార్చకుండానే అడిగింది, "వచ్చే వారం ఇదే వేళకి చెయ్యనా? ఇంకా చాలా ఉన్నాయి తిట్టాల్సినవి."

"చెయ్యి," అంది హియామ్. ఫోను జేబులో పెట్టుకుని మూడో మంచం వైపు పరిగెత్తింది.